మీ పాత ఫైళ్ల సంగతి

పన్నెండేళ్లుగా మా ఇంటి ముందుగదిలోని కంప్యూటర్ మీద శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు చేయించుకుంటున్న మీకు ఈ మాట నేనే చెప్పాలి. గత నెలలో అందులోని హార్డ్ డిస్కు పోయింది. మీ పాత పనుల్లో చాలావరకు దాంతోనే పోయాయి. ప్రెస్సుకు మెయిల్‌లో పంపిన పీడీఎఫ్‌లు మాత్రం మిగిలాయి. అక్షరాలకు సొంత సంకేతాలు వాడే 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో చేసినవి కాబట్టి వాటిలోంచి అక్షరాలు తీస్తే అర్థంకాని గుర్తులే వస్తాయి.

బ్యాకప్ తీయలేదని మాత్రం అనుకోవద్దు. ప్రతి శనివారం రాత్రి గంటసేపు కూర్చుని బయటి డిస్కులోకి ఎక్కించేవాణ్ని. ఆ డిస్కు అవసరానికి తెరుచుకోలేదు. పద్నాలుగు నెలల కిందట ఒక దుకాణంవాళ్లు కొత్తదని పూర్తి ధర తీసుకుని అమ్మారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో చూస్తే అది నడిచిన గంటలు 21,000 దాటాయి. ఏడాదికి ఉండేవే 8,760 గంటలు! రాత్రింబవళ్లు ఆపకుండా తిప్పినా నా చేతిలో అంత నడవదు. ఎవరో వాడి అరగదీసిన దాన్ని కొత్త పెట్టెలో పెట్టి అంటగట్టారు. అడిగితే, "వారంటీ ఉంది, డిస్కు మారుస్తాం, డేటాతో మాకు సంబంధం లేదు" అన్నారు. వాళ్లిచ్చే డిస్కు నాకక్కర్లేదని వచ్చేశాను. ఆ దుకాణం మెట్టు మళ్లీ ఎక్కను.

అయితే, ఎక్కించడమే గాని ఒక్క శనివారమూ తెరిచి చూసుకోలేదు. ఆ తప్పు నాదే.

నెలనెలా అద్దె కట్టి ఆన్‌లైన్‌లో దాచమని మా అబ్బాయి పట్టుబట్టాడు. మూడు వారాలు తేల్చుకోలేకపోయాను. ఇక ముందు దాచాల్సింది 600 జీబీ దాకా ఉంటుంది. మా కనెక్షన్ పంపే వేగం సెకనుకు 10 మెగాబిట్లు. ఎక్కడా ఆగకపోయినా అయిదున్నర రోజులు పడుతుంది. పైగా అద్దె ఆగిన రోజున మీ ఫైళ్ల గతి ఏమిటి? అందుకే వేర్వేరు దుకాణాల్లో రెండు డిస్కులు కొన్నాను. గంటల లెక్క సున్నా దగ్గర ఉందని అక్కడే చూసుకుని డబ్బిచ్చాను. ఒకటి మా ఇంట్లో, రెండోది మా చెల్లెలి ఇంట్లో. ప్రతి ఆదివారం అటుదిటు, ఇటుదటు మారుస్తాను. పని కాగానే తీగ పీకేస్తాను, వైరస్ వచ్చినా దాన్ని అంటదు. తేలికైన ఫైళ్లు మాత్రం గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో పెడతాను. నెలకోసారి రెండు డిస్కుల్లోంచీ ఫైళ్లు తెరిచి చూస్తాను.

మీ పాత పుస్తకం మళ్లీ అచ్చు వేయించాలంటే ఒక్క ప్రతి తెచ్చివ్వండి. టైపుకు రూపాయి తీసుకోను. ప్రూఫు కూడా నేనే చూస్తాను.