తెరచాప పడవ అంటే నెమ్మది అని రాయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో సముద్ర ప్రయాణాల మీద వేసిన ఆర్టికల్ చదివాను. బాగుంది, కానీ తెరచాప పడవలు నెమ్మదిగా గాలి దయ మీద నడుస్తాయని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మాది ఉప్పాడ. ఇరవై ఏళ్లు సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేశాను కాబట్టి గాలితో నడిచే పడవ అంటే నాకూ పెద్ద నమ్మకం ఉండేది కాదు. 2022 మేలో పాత ఫ్రెండ్ ఒకాయన తన 40 అడుగుల పడవలో పసిఫిక్ సముద్రంలో గాలపగోస్ దీవుల నుంచి పడమటి వైపున్న మార్కెసస్ దీవులకి వస్తావా అంటే వెళ్లాను, మొత్తం ముగ్గురం. రేసు పడవ కాదండి, అందులోనే వండుకుని పడుకుంటూ తిరిగే బరువైన పడవ. దూరం దాదాపు 3,000 నాటికల్ మైళ్లు, అంటే 5,500 కిలోమీటర్ల పైనే, దారిలో ఒక్క దీవి తగలదు. ఆయన చార్టు మీద రోజుకి 135 మైళ్ల చొప్పున పెన్సిల్‌తో సన్నగా 22 గుర్తులు పెట్టుకున్నాడు, మేం నెల రోజులకి సరిపడా బియ్యం, పప్పు ఎక్కించాం.

మొదటి రోజు గాలి లేక ఇంజను వేశాం. రెండో రోజు రాత్రి ఆగ్నేయం నుంచి గాలి పట్టుకుంది, ఇంక వదల్లేదు. తుపాను గాలి కాదు, రాత్రీ పగలూ ఒకేలా వెనక పక్క నుంచి తోసే గాలి, తెరచాపలు రోజుల తరబడి మార్చే పనే పడలేదు, తాళ్లు ఒకే చోట రాసుకుని అరిగిపోతుంటే పొద్దున్నే జానెడు జరిపి మళ్లీ కట్టేవాళ్లం. తొమ్మిదో రోజు మధ్యాహ్నం చార్టులో మా చోటు గుర్తు పెడితే ఆయన గీసుకున్న పదకొండో గుర్తు కూడా దాటేసి ఉన్నాం. ఆయన రబ్బరు తీసి చెరిపి మళ్లీ లెక్క వేశాడు, అదే వచ్చింది.

నాకు అర్థం కానిది ఇంకోటి, నీళ్లలో తిరుగుతూ పడవ వేగం చెప్పే మీటరు ఆరు నాట్లు (గంటకి ఆరు నాటికల్ మైళ్లు) చూపిస్తుంటే జీపీఎస్ ఏడు దాటి చూపించేది. మీటరు పాడైందేమో అని విప్పి నాచు గీకి పెట్టాను కూడా. తీరా చూస్తే అక్కడ భూమధ్యరేఖకి దక్షిణంగా సముద్రం నీళ్లే పడమటికి ప్రవహిస్తుంటాయి, గంటకి ఒక మైలు పైనే, రోజుకి పాతిక ముప్పై మైళ్లు ఊరికే కలిసొచ్చాయి! పైగా అది లానినా ఏడాది, అంటే పసిఫిక్ నడుమ నీళ్లు మామూలు కంటే చల్లబడే ఏడాది, అలాంటప్పుడు ఆ గాలులు ఇంకా బలంగా వీస్తాయి. 17 రోజుల 14 గంటలకి మార్కెసస్‌లోని హివా ఓవా దీవిలో లంగరు వేశాం, బియ్యం సగం పైనే మిగిలింది.

ఇంటికొచ్చి చెప్తే అందరూ భయం వెయ్యలేదా అని అడిగారు. తెప్ప మీద తెరచాప కట్టి వేటాడిన మా పెదమావయ్య ఒక్కడే "నీరు ఎటు లాగిందిరా?" అన్నాడు. స్కూలు మొహం చూడనాయన, నేను మీటరు విప్పి తెలుసుకున్నది ఆయన మొదటి మాటలోనే అడిగేశాడు.

మన కాకినాడ దగ్గర కోరంగి రేవు తెరచాప ఓడలు రంగూన్ వెళ్లొచ్చేవి, బర్మాలో తెలుగోళ్లని కోరంగీలనే పిలిచేవాళ్లు, ఏ గాలికి వెళ్లాలో ఏ గాలికి తిరిగి రావాలో తెలియకుండానే వెళ్లారా? 2017-18లో తారిణి అనే నేవీ తెరచాప పడవ మీద భూమి చుట్టి వచ్చిన ఆరుగురు నేవీ ఆడపిల్లల్లో వైజాగ్ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు, మీ ఆర్టికల్లో వాళ్ల పేర్లు కూడా లేవు, అది నాకు బాధేసింది.

మా తీరంలో తెరచాప కట్టిన ముసలోళ్లు ఇంకా కొందరు ఉన్నారు. గాలికీ నీటికీ వాళ్లు వాడే మాటలు ఎక్కడా రాసి లేవు, ఇంజను బోట్లు వచ్చాక పిల్లలకి ఆ మాటలతో పని లేకుండా పోయింది. దయచేసి మీ కాకినాడ రిపోర్టర్‌ని ఒకసారి పంపండి, నేను దగ్గరుండి తీసుకెళ్తాను. పెదమావయ్యకి 84 ఏళ్లు, పొద్దున్న పది లోపే రమ్మనండి, ఆ తర్వాత ఆయన పడుకుంటాడు.

ఇట్లు
మీ పాఠకుడు, ఉప్పాడ