నావూలో సీనియర్ మిషనరీల సేవ: 2024 వార్షిక నివేదిక

సభ్యులందరికీ వందనాలు.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో మిసిసిపీ నది వంపులో ఉన్న నావూ, 1840లలో కడవరి-దిన పరిశుద్ధులు నివసించిన చారిత్రక పట్టణం. అక్కడ సందర్శకులకు ఆనాటి జీవితం చూపించే సేవకు వెళ్ళే పెద్దలకు తోడ్పడడమే మన సమితి పని. ఈ ఏడాది ఆ పని బాగా పెరిగింది. మార్చి 5న సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ నివసించిన హోమ్‌స్టెడ్, మాన్షన్ హౌస్ అనే ఇళ్ళు, ఆయన ఎర్ర ఇటుకల దుకాణం కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ అనే వేరే సంఘం నుంచి యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము చేతికి వచ్చాయి. 25వ తేదీన సందర్శకులకు తెరిచారు. దుకాణం దగ్గర మాత్రం ఒక మాట మొదటే చెప్పేయాలి. 1842 మార్చి 17న సంఘంలోని స్త్రీల సంస్థ అయిన ఉపశమన సమాజము ఏర్పడిన చోటు ఇదే, కానీ ఇప్పుడు కనిపించే కట్టడం మళ్ళీ కట్టినది. గోడ మీద చెయ్యి వేసి కళ్ళు తుడుచుకున్నవారికి ఆ తర్వాత చెబితే నొచ్చుకుంటారు.

వెళ్ళేవారు తమ ఖర్చు తామే పెట్టుకుంటారు. చరిత్ర తేదీలు చదువుకుని వస్తే చాలనుకుంటారు చాలామంది. నిజానికి కష్టపెట్టేది సందర్శకుల ముందు చేసి చూపించే ఆనాటి చేతిపని.

తాడు పేనడమే చూడండి. మూడు పేటలు కొక్కేలకు తగిలించి పిడి తిప్పితే పేటలకు పురి ఎక్కుతుంది. ఆ పురి విప్పుకోబోతూ మూడూ ఎదురు దిక్కున ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. ఈ రెండు పురుల పెనుగులాటే తాడును విడిపోకుండా పట్టి ఉంచుతుంది. పురి ఎక్కేకొద్దీ పొడవు తగ్గుతుంది కాబట్టి మూడు గజాల తాడు కావాలంటే నాలుగు గజాల పేటలు సాగదీయాలి. పిడి తిప్పే సందర్శకుల పిల్లలు హుషారుగానే తిప్పుతారు. అవతలి చివర పట్టుకున్న పెద్దవారు అలసి సడలించారంటే పేట మెలికపడి ముడుచుకుంటుంది. అప్పుడు లాగితే మెలిక ఇంకా బిగుస్తుంది. పిడిని వెనక్కి తిప్పి పురి తగ్గించాలి. పేటల మధ్య పెట్టే గంట్ల చెక్కను తొందరపడి జరిపితే తాడు వదులుగా వస్తుంది. బిగువు పట్టి నిలబడడం భుజాలకు భారమే. అందుకే దంపతులు గంటకోసారి చోటు మార్చుకోవాలని ఈసారి శిక్షణలో గట్టిగా చెప్పాం.

ఇటుకల దగ్గర అచ్చు లోపల ఇసుక చల్లడం మరిచిపోతే బంకమట్టి అంటుకుని మూలలు విరుగుతాయి. ఎండలో ఒక్కసారిగా ఆరబెడితే పైపొర ముందు కుంచించుకుని బీటలిస్తుంది. లోపల తడి ఉండగా బట్టీకెక్కిస్తే ఆవిరి దాన్ని పగలగొడుతుంది. కమ్మరి కొలిమిలో లాడపు మేకును వంచి చేసే ఉంగరం, 'ప్రెయిరీ డైమండ్', సందర్శకులకు ఉచితంగా ఇస్తారు. ఇంటికి వెళ్ళాక కూడా వేలికి ఉండేది అదే కాబట్టి, మేకు మొన పైకి పొడుచుకు రాకుండా వేలితో తడిమి చూశాకే ఇవ్వాలి.

సేవలో వేసుకునే పాతకాలపు దుస్తుల విషయంలో ఫిర్యాదులన్నీ పావడా పొడవు గురించే. పాత ఇళ్ళ మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. అంచు మడమకు రెండంగుళాలు పైకి ఉండాలి. దిగేటప్పుడు ఒక చేత్తో పావడా, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకోవాలి. రెండు చేతుల్లోనూ సామాను పట్టుకుని దిగరాదు. నది మీది చలిగాలి తట్టుకోవడానికి పాతకాలపు దుస్తుల కింద పలుచని ఉన్ని బట్టలు రెండు పొరలు వేసుకోవడం, ఒక్క మందపు కోటు కన్నా మేలు. కొలిమి దగ్గరికి వచ్చినప్పుడు ఒక పొర తీసేయవచ్చు.

వచ్చే ఏడాది శిక్షణలో తాడుకూ ఇటుకకూ చెరో పూట అదనంగా కేటాయించాం. సేవకు బయలుదేరేవారు మోకాలి పట్టీలు, వినికిడి యంత్రాలకు అదనపు బ్యాటరీలు, నడిచి అలవాటైన పాత బూట్లు వెంట తెచ్చుకోగలరు.