తెలుగు లిపి అవసరాలు, సమస్యల ఆంటాలజీ: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా సంఘం చేసిన పనిని సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. ఈ ఏడాది మన శ్రమలో ఎక్కువ భాగం ఒకే పనికి పోయింది. సాఫ్ట్‌వేర్‌లో తెలుగు సరిగ్గా నడవాలంటే ఏమేం కావాలి, ఎక్కడ నడవడం లేదు, ఎందుకు నడవడం లేదు అన్న సమాచారం ఇన్నాళ్లూ మెయిళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో, రకరకాల బగ్ ట్రాకర్లలో (సాఫ్ట్‌వేర్ దోషాల ఫిర్యాదులు నమోదయ్యే చోట్లలో) చెల్లాచెదురుగా పడి ఉంది. తెలిసినవాళ్లు అందుబాటులో లేకపోతే ఆ సమాచారమూ ఉండదు. దాన్ని ఒక ఆంటాలజీగా, అంటే వస్తువులనూ వాటి మధ్య సంబంధాలనూ క్రమపద్ధతిలో రాసి పెట్టిన పట్టికగా, కూర్చడం మొదలుపెట్టాం. మిగతా కార్యక్రమాల సంగతి చివర్లో క్లుప్తంగా చెబుతాను.

ఈ పని ఎందుకు ఎత్తుకున్నాం

మనకు అందే ఫిర్యాదుల్లో తరచుగా వినపడేది "ఒత్తు విడిపోతోంది" అన్నది. లక్ష్మి అని కొడితే తెర మీద క పొల్లుతో, ష పొల్లుతో, మి దేనికది విడివిడిగా కనిపిస్తాయి. చూసేవారికి ఇదంతా ఒకటే సమస్య. కారణాలు మాత్రం వేరువేరు. ఫాంటులో ఆ సంయుక్తాక్షరానికి కావలసిన ఆకృతి గానీ, దాన్ని ఎంచుకునే నియమం గానీ లేకపోవచ్చు. వీడియోలకు సబ్‌టైటిళ్లు వేసే యాప్ పాఠాన్ని షేపింగ్ ఇంజిన్‌కు (అక్షరాలను కలిపి సరైన ఆకృతులుగా అమర్చే భాగానికి) ఇవ్వకుండా ఒక్కో అక్షర కోడ్‌ను నేరుగా గీసేస్తుండవచ్చు. కీబోర్డే మధ్యలో ఒక కనిపించని అక్షరాన్ని చొప్పించి ఉండవచ్చు. పీడీఎఫ్‌లో చూడటానికి అంతా బాగుండి, కాపీ చేసినప్పుడు మాత్రమే ముక్కలైతే, తప్పు ఆకృతులను అక్షరాలకు కలిపే పట్టికలో ఉంటుంది. యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలు కేటాయించే అంతర్జాతీయ ప్రమాణం) పాటించని పాత ఫాంటుల్లో కంపోజ్ చేసిన పుస్తకాన్ని మార్చినప్పుడు వచ్చే తేడా మరో రకం. వీటిని బాగుచేయాల్సిన మనుషులూ వేరు: ఒకచోట ఫాంటు తయారుచేసినవారు, ఒకచోట యాప్ రాసినవారు, ఇంకోచోట కీబోర్డు చేసినవారు.

ట్రాకర్లు ఈ తేడాను పట్టుకోవు. 1998లో మొజిల్లా కోసం పుట్టిన బగ్‌జిల్లా నుంచి ఈనాటి ట్రాకర్ల దాకా ఒక రిపోర్టును ఇంకోదానికి "డూప్లికేట్" అని ముద్ర వేసి మూసే వీలు ఉంది. పైకి ఒకేలా కనిపించే రెండు రిపోర్టుల్లో ఒకదానికి ఆ ముద్ర పడి, మొదటిది బాగుపడగానే రెండూ ముగిసిపోతాయి. రెండో రిపోర్టు రాసిన మనిషి మాత్రం అదే ఇబ్బందితో మిగిలిపోతాడు. దీనికి తలకిందులుగా జరిగేదీ ఉంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ అన్నీ హార్ఫ్‌బజ్ షేపింగ్ ఇంజిన్ మీదే ఆధారపడతాయి; లిబ్రెఆఫీస్ కూడా 2017లో 5.3 వెర్షన్ నుంచి అన్ని వేదికల మీదా దానికే మారింది. ఆ ఇంజిన్‌లో ఒక్క దోషం ఉంటే నాలుగు ట్రాకర్లలో నాలుగు రకాల వర్ణనలతో రిపోర్టులు పడతాయి. అవన్నీ ఒకటేనని చెప్పే చోటు ఎక్కడా లేదు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్‌లో ఒక తెలుగు అక్షరం ఉన్న సందేశాన్ని చూపబోయిన యాప్ కుప్పకూలేది. ఆపిల్ అదే నెల 19న 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అది జ్ఞా అనే అక్షరం వల్ల వచ్చిన ప్రమాదంగానే ప్రచారమైంది. నిజానికి మనం రోజూ రాసే జ్ఞా వల్ల ఏమీ కాదు. జ, పొల్లు, ఞ, దాని తర్వాత నాన్‌జాయినర్ అనే కనిపించని అక్షరం, ఆపైన దీర్ఘం గుర్తు ఈ వరుసలో వస్తేనే యాప్ పడిపోయేది. లోతుగా పరిశీలించిన డెవలపర్లు దేవనాగరిలో, బెంగాలీలో కూడా ఇదే పోలికలో ఉన్న వరుసలు అదే పని చేస్తున్నాయని తేల్చారు. దీన్ని "జ్ఞా బగ్" అని రాసి పెట్టుకుంటే రేపు కొత్త యాప్‌ను పరీక్షించేవారు జ్ఞా ఒక్కటే కొట్టి చూసి, బాగానే ఉందని వెళ్లిపోతారు. "హల్లు, పొల్లు, హల్లు, నాన్‌జాయినర్, అచ్చు గుర్తు" అనే వరుసల తరగతిగా రాసి, జ్ఞాను అందులో ఒక ఉదాహరణగా ఉంచితేనే ఆ పాఠం మిగిలిన లిపులకూ, మిగిలిన యాప్‌లకూ పనికొస్తుంది. మన ఆంటాలజీలో మొట్టమొదట ఎక్కించిన నమోదు ఇదే.

ఏం కట్టాం

ఆంటాలజీ అన్న మాట కొత్తగా వింటున్న సభ్యుల కోసం: ఒక రంగంలో ఏయే వస్తువులున్నాయో, వాటి మధ్య ఏయే సంబంధాలు చెల్లుతాయో అందరూ ఒప్పుకునేలా, యంత్రం కూడా చదవగలిగేలా రాసి పెట్టడమే అది. కంప్యూటర్ రంగంలో దీనికి ఎక్కువమంది చెప్పుకునే నిర్వచనం కంప్యూటర్ శాస్త్రవేత్త టామ్ గ్రూబర్ 1993లో ఇచ్చినది. మన దాంట్లో ప్రధాన తరగతులు కొద్దే: అవసరం, సమస్య, లక్షణం, కారణం, పొర, పరీక్షపదం, నిర్ణయం. లక్షణం అంటే పైకి కనిపించే ఇబ్బంది; పరీక్షపదం అంటే సమస్య ఉందో లేదో తెలుసుకోవడానికి కొట్టి చూసే మాట. పొర అంటే ఎన్‌కోడింగ్ (అక్షరాలను కోడ్‌లుగా భద్రపరచడం), ఫాంటు, షేపింగ్, పంక్తుల అమరిక, టైపింగ్, వెతుకులాట, అకారాది క్రమం వంటివి. అవసరాన్నీ సమస్యనూ కలిపే సంబంధాలను సొంతంగా కల్పించలేదు. 2008లో ఐబీఎం చొరవతో మొదలై, 2013 నుంచి ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థలో నడుస్తున్న ఓఎస్‌ఎల్‌సీ ప్రమాణంలో (సాఫ్ట్‌వేర్ తయారీ పనిముట్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునేందుకు పెట్టుకున్నది) "ఈ అవసరాన్ని ఫలానా సమస్య దెబ్బతీస్తోంది", "ఈ అవసరాన్ని ఫలానా పరీక్ష నిర్ధారిస్తుంది" అన్న సంబంధాలు సిద్ధంగానే ఉన్నాయి. వాటినే తీసుకున్నాం. ఇతర భాషలవారు ఇలాంటి పని చేస్తే రెండూ కలవాలంటే ఇదే మార్గమని నా గట్టి అభిప్రాయం.

అవసరానికీ సమస్యకూ వేరు తరగతులు ఎందుకని సమావేశాల్లో చాలామంది అడిగారు. సమస్య బాగుపడితే ముగిసిపోతుంది. అవసరం ముగియదు. వచ్చే వెర్షన్‌లోనూ, ఇంకా పుట్టని యాప్‌లోనూ అది అలాగే నిలబడి ఉంటుంది. ట్రాకర్‌లో మూసేసిన రిపోర్టుతో పాటు అవసరం కూడా కనుమరుగవుతుంది కాబట్టే పాత దోషాలు మళ్లీ మళ్లీ తిరిగొస్తున్నాయి.

ఈ ఏడాది మనల్ని ఎక్కువ ఆలోచింపజేసినది నాన్‌జాయినరే. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తుగా పడకుండా ఆపేది అదే. ఈ నివేదికలోనే అది ఎన్నోచోట్ల ఉంది. కొందరు దాన్ని పెట్టి రాస్తారు, కొందరు పెట్టరు. అందుకని వెతుకులాటలో అది ఉన్నా లేకపోయినా మాట దొరకాలన్నది ఒక అవసరం. దాన్ని చదివిన డెవలపర్ మంచి ఉద్దేశంతోనే, భద్రపరిచే పాఠంలోంచి కనిపించని అక్షరాలన్నిటినీ తీసేస్తే వెతుకులాట కుదురుతుంది గానీ, రాసినవారి మాట రూపమే మారిపోతుంది. కాబట్టి భద్రపరిచేటప్పుడు దాన్ని ముట్టుకోకూడదన్నది రెండో అవసరం. పైకి ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు నిలిచినట్టుంటాయి. పొరలు రాసి పెట్టాక గొడవ లేదు: ఒకటి వెతుకులాట పొరకు చెందింది, ఇంకోటి ఎన్‌కోడింగ్ పొరకు. రెండింటికీ ఒకే పరీక్షపదాన్ని ముడిపెట్టాం. ఎవరు ఒక అవసరాన్ని తెరిచినా రెండోదీ కళ్ల ముందుకు వస్తుంది.

కర్సర్ కదలిక గురించి సాగిన చర్చకూ ఇలాగే దారి దొరికింది. యూనికోడ్ నియమాల ప్రకారం క్ష చాలాకాలం రెండు ముక్కలుగా లెక్కకు వచ్చేది. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 వెర్షన్ తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను ఒకే అక్షరంగా లెక్కించే నియమం చేర్చింది. ఏ యాప్ ఏ వెర్షన్‌ను అనుసరిస్తోందన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది కాబట్టి ప్రతి నమోదుకూ వెర్షన్ జోడించాం. బ్యాక్‌స్పేస్ విషయంలో మాత్రం చాలామంది సభ్యులు వేరేలా కోరారు: ఎంచుకునేటప్పుడు అక్షరం మొత్తం రావాలి, చెరిపేటప్పుడు చివర కొట్టినది మాత్రమే పోవాలి. వాటిని రెండు అవసరాలుగా, ఆ నిర్ణయానికి కారణంతో సహా రాశాం.

పని జరిగిన తీరు

తరగతులు రాయకముందే ప్రశ్నలు రాసుకున్నాం. గ్రూనింగర్, ఫాక్స్ అనే పరిశోధకులు 1995లో సూచించిన పద్ధతి ఇది: ఆంటాలజీ ఏ ప్రశ్నలకు జవాబు చెప్పాలో ముందే తేల్చుకోవాలి. "ఫాంటు మార్చితే పోయే సమస్యలేవి?", "ఒక్క పరీక్షపదం కూడా లేని అవసరాలేవి?", "షేపింగ్ ఇంజిన్ కొత్త వెర్షన్ వస్తే ఏవేవి మళ్లీ చూడాలి?" వంటి ప్రశ్నలు డీటీపీ చేసేవారు, అనువాదకులు, టెస్టర్లు కూర్చుని రాశారు. ఏ ప్రశ్నకూ అక్కరకు రాని తరగతులను, ఎంత అందంగా ఉన్నా, తీసేశాం. ఇప్పుడు ఆ ప్రశ్నలన్నీ స్పార్కల్ అనే ప్రశ్నల భాషలో ఉన్నాయి.

కట్టడానికి స్టాన్‌ఫర్డ్‌వారి ప్రొటేజే అనే ఆంటాలజీ ఎడిటర్ వాడాం. మన ఆంటాలజీ రాసిన భాష ఓడబ్ల్యూఎల్‌లో ఒక సంగతి కొత్త సభ్యులు గమనించాలి. రాయని విషయాన్ని అది తప్పుగా చూడదు, ఇంకా తెలియనిదిగా చూస్తుంది. పరీక్షపదం లేని సమస్యను ఎక్కిస్తే అది ఊరుకుంటుంది. "ప్రతి సమస్యకూ కనీసం ఒక పరీక్షపదం ఉండి తీరాలి" వంటి కట్టుబాట్లకు 2017లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణమైన షాకల్ అనే తనిఖీ భాషను వాడుతున్నాం. నమోదు పంపగానే ఆ తనిఖీ నడుస్తుంది. ఒత్తు, వత్తు; పొల్లు, హలంతు, విరామం వంటి వాడుక భేదాలన్నిటినీ స్కాస్ అనే (పదకోశాలను యంత్రం చదవగలిగేలా రాసే) పద్ధతిలో ఒకే భావనకు పేర్లుగా చేర్చాం. ఎవరు ఏ మాటతో వెతికినా అక్కడికే చేరతారు.

ఇతర కార్యక్రమాలు, జమాఖర్చులు

ఆదివారం ఆన్‌లైన్ సమావేశాలు సాగాయి. బగ్ రిపోర్టు ఎలా రాయాలన్న దాని మీద కళాశాల విద్యార్థులకు శిక్షణ తరగతులు పెట్టాం. లక్షణాన్నీ, తాము ఊహించిన కారణాన్నీ విడిగా రాయడం వాళ్లు త్వరగా పట్టుకున్నారు. విదేశాల్లో ఉన్న సభ్యులు సమయం తేడా వల్ల సమావేశాలకు రాలేకపోతున్నామన్నారు, రికార్డింగులు పెడుతున్నాం. ఆడిటర్ సంతకం చేసిన జమాఖర్చుల పట్టికను విడిగా జత చేశాం.

వచ్చే ఏడాది అకారాది క్రమం తీసుకుంటాం. బడిలో నేర్పే వర్ణమాలలో క్ష చివర్లో విడి అక్షరంగా వస్తుంది. యూనికోడ్ లెక్కలో అది క, పొల్లు, ష కాబట్టి క కింద చేరుతుంది. పేర్ల జాబితాలు, ఓటర్ల పట్టికలు, నిఘంటువులు, గ్రంథాలయ కేటలాగులు తయారుచేసే సభ్యులు తమ దగ్గర ఏ క్రమం నడుస్తోందో, అది ఎందుకు అలా స్థిరపడిందో రాసి పంపాలి. ఒక్క క్రమమే సరైనదని ముందే అనుకోవడం లేదు. ఒక్కో వాడుకకు ఒక్కో అవసరాన్ని నమోదు చేయడానికి మనకిప్పుడు చోటుంది. నమోదుల పత్రం సభ్యులందరికీ పంపాం, వానాకాలం మొదలయ్యేలోపు తిరిగి అందితే చర్చ మొదలుపెడతాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి