పైలట్‌కు నిద్ర అక్కర్లేదా?

సంపాదకులకు,

2025 డిసెంబర్ మొదటి వారంలో మా అమ్మాయిని ఢిల్లీ విమానం ఎక్కిద్దామని హనుమకొండ నుంచి అర్ధరాత్రి కారు కట్టించుకుని శంషాబాద్ పోయాం. తీరా పోయాక ఫ్లైట్ క్యాన్సిల్. కారణం అడిగితే కౌంటర్‌లో పిల్ల ‘ఆపరేషనల్ రీజన్స్ సార్’ అని ఒకటే మాట, పాపం ఆమె గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఒక మూల కుర్చీలో యూనిఫాం వేసుకున్న పైలట్ ఒకాయన, ట్రాలీ బ్యాగు మీద కాళ్లు పెట్టి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. నాకు కోపం సగం అక్కడే దిగిపోయింది.

పైలట్లకు వారానికి 36 గంటలున్న విశ్రాంతిని 48 చేయాలని, రాత్రి ల్యాండింగులు 6 నుంచి 2కు తగ్గించాలని విమానాలపై అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ డీజీసీఏ 2024 జనవరిలోనే చెప్పింది. అమలు 2025 జూలైలో కొంత, నవంబర్‌లో మిగతాది. అంత టైముండి కూడా విమాన కంపెనీలు కొత్త పైలట్లను తీసుకోకుండా, ఉన్నవాళ్లతోనే నెట్టుకొద్దామనుకుంటే ఇట్లా ఫ్లైట్లు క్యాన్సిల్ కాక ఏమవుతాయి? చవక టికెట్ అంటే ఇదేనా? పైగా ఈ క్యాన్సిల్ గొడవ ముదిరాక రాత్రి డ్యూటీ నిబంధనలనే కొన్నాళ్లు సడలించారు. ఆర్టీసీ డ్రైవర్ డబుల్ డ్యూటీ చేస్తున్నాడంటేనే బస్సులో మనకు కునుకు పట్టదు కదా!

రేపు మా వరంగల్ దగ్గరి మామునూరులో ఎయిర్‌పోర్టు వస్తే మాకు శంషాబాద్ తిప్పలు తప్పుతాయి, సంతోషమే. కానీ కొత్త సర్వీసులకు పర్మిషన్ ఇచ్చేముందు, నడిపేవాళ్లు ఎందరున్నారో లెక్క చూపించమని కంపెనీలను అడగాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ