బిల్లు పంపడానికి దొరికిన చిరునామా, రిపోర్టు పంపడానికి దొరకలేదా?

వినియోగదారుల సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: మా అమ్మ మూత్ర పరీక్ష ఫలితం ఇవ్వకుండా మీ సంస్థ మమ్మల్ని తిప్పిన తీరుపై ఫిర్యాదు.

అయ్యా/అమ్మా,

ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషు రానివారికి వారి భాషలోనే ఉచితంగా సహాయం చేస్తామని మీ క్లినిక్ గోడ మీద నోటీసు అంటించి ఉంది. పేషెంటు మా అమ్మ, ఆమె భాష తెలుగు. ఇందులోని ప్రతి మాటా ఆమెకు చదివి వినిపించాను. అనువాదం చేయించుకునే బాధ్యత మీది.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. తెనాలి నుంచి మా దగ్గరికి, టెక్సస్‌లోని ఇర్వింగ్‌కు వచ్చిన అమ్మకు ఒక శనివారం మూత్రంలో మంట మొదలైంది. ఆమె వయసు అరవై రెండు. మామూలు డాక్టరు దగ్గర కొత్త పేషెంటుకు అపాయింట్‌మెంట్ కావాలంటే వారాలు ఆగాలన్నారు. విజిటర్ ఇన్సూరెన్స్ ఉన్నా మొదటి ఖర్చంతా మన జేబులోంచే పోవాలి. ఎమర్జెన్సీకి వెళ్లేంత జబ్బు కాదు. అందుకే మందుల షాపులో వెనుక వైపున్న మీ క్లినిక్‌కు తీసుకొచ్చాను. గోడ మీద రేట్ల పట్టిక ఉంది, డబ్బు కట్టాం, నర్స్ ప్రాక్టీషనర్, అంటే పేషెంట్లను చూసి మందు రాయగల నర్సు, చూశారు. ఆవిడ ఓపిగ్గా అడిగారు, ఓపిగ్గా విన్నారు. మూత్రంలో ముంచే పట్టీతో అక్కడికక్కడే పరీక్ష చేసి, యాంటీబయాటిక్ రాసి, కల్చర్ కోసం, అంటే ఏ క్రిమి పెరుగుతుందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష కోసం, నమూనాను బయటి ల్యాబుకు పంపారు. రెండు మూడు రోజుల్లో ఫోను చేసి ఫలితం చెబుతామన్నారు. ఇంతవరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఆ ఫోను రాలేదు.

మూడో రోజుకు కూడా మంట తగ్గలేదు. ఆ మందు పనిచేస్తుందో లేదో చెప్పగలిగేది ఆ కల్చర్ ఒక్కటే. రసీదు మీద ఉన్న నంబరుకు ఫోను చేశాను. అపాయింట్‌మెంటుకు ఒక అంకె, టీకాలకు ఒక అంకె, బిల్లు కట్టడానికి ఒక అంకె నొక్కమంది యంత్రం. పరీక్ష ఫలితానికి మాత్రం అంకె లేదు. చాలాసేపు సంగీతం విన్నాక దొరికిన మనిషి, ఫలితాలు యాప్‌లో కనిపిస్తాయని చెప్పారు. యాప్ తెరవాలంటే ఫోనుకు కోడ్ రావాలి. అమ్మది ఇండియా నంబరు. నంబరు రాసే గడిలో తొంభై ఒకటితో మొదలయ్యే నంబరు కొట్టగానే కింద ఎర్రటి గీత వస్తుంది, ముందుకు పోదు. నా నంబరు ఇస్తే అది నా ఖాతాకు ముడిపడి ఉందట, ఇంకొకరికి పనికిరాదట. అయితే ఏం చేయాలని అడిగాను. క్లినిక్‌ను అడగండి అన్నారు.

క్లినిక్‌కు విడిగా ఫోను లేదు. ఆ షాపు నంబరుకు చేస్తే మందుల కౌంటరులో మోగుతుంది. అక్కడి ఫార్మసిస్టు, మాది మందుల వరకే, క్లినిక్ వేరే విభాగం అన్నారు. ఒకే తలుపు, ఒకే కప్పు, బయట ఒకే బోర్డు. డబ్బు తీసుకునేటప్పుడు ఒకటిగా ఉన్నవారు సమాధానం చెప్పాల్సి వచ్చేసరికి రెండయ్యారు.

ఆఫీసు పని వదిలి నేనే వెళ్లాను. తలుపు పక్కన ఉన్న తెర మీద పేరు నమోదు చేయనిదే లోపలివారు పలకరు. కొత్తగా వైద్యం కోసం వచ్చినట్టు నమోదు చేయడం తప్ప, ఒక ప్రశ్న అడగడానికి అందులో దారి లేదు. ఆ రోజు డ్యూటీలో ఉన్నవారు వేరే. ఇంకొకరు రాయించిన పరీక్షను తాను తెరవలేనని, సందేశం పెడతానని అన్నారు. ఎవరికి పెట్టారో, ఎవరు చదివారో ఈ రోజుకీ తెలియదు. పర్యవేక్షించే డాక్టరు పేరు అడిగాను. టెక్సస్‌లో నర్స్ ప్రాక్టీషనర్ మందు రాయాలంటే ఒక డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి కదా, ఆ డాక్టరు ఎవరని అడిగాను. ఆ సమాచారం తన దగ్గర లేదన్నారు.

ఇక దుబాసీ సంగతి. పేషెంటే మాట్లాడాలని కాల్ సెంటరు పట్టుబడితే అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఫోను స్పీకరులో పెట్టాను. తెలుగు దుబాసీ కావాలని స్పష్టంగా చెప్పాను, అక్షరం అక్షరం పలికి మరీ చెప్పాను. లైనులోకి వచ్చినవారు హిందీలో మొదలుపెట్టారు. అమ్మ రెండు చేతులతో ఫోను పట్టుకుని, వంగి, "నాకు హిందీ రాదండీ, తెలుగు, తెలుగు" అంటూనే ఉంది. అవతలివారు హిందీలో పుట్టిన తేదీ అడుగుతూనే ఉన్నారు. నేను కల్పించుకుంటే, పేషెంటు తప్ప వేరేవారు మాట్లాడకూడదన్నారు. చివరికి పేషెంటు వివరాలు ధ్రువీకరించలేకపోయారని రాసుకుని లైను కట్ చేశారు. నలభై ఏళ్లు ప్రభుత్వ బడిలో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు రిజిస్టరులో రాసిన మనిషి మా అమ్మ. తన పుట్టిన తేదీ తాను చెప్పుకోలేకపోయిందని మీ రికార్డులో ఉంది. దాన్ని తీసేయించండి.

ఆ వారంలోనే ఒక రాత్రి జ్వరం, వణుకు వచ్చాయి. అపాయింట్‌మెంట్ లేకుండా చూసే వేరే క్లినిక్‌కు, అర్జెంట్ కేర్‌కు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు మొదట అడిగింది, ముందు చేసిన కల్చర్‌లో ఏం పెరిగిందని. మా దగ్గర జవాబు లేదు. మళ్లీ పరీక్ష, మళ్లీ ఖర్చు, మందు మార్చారు. మంచం మీద అమ్మ నెమ్మదిగా, "మన ఊళ్లో ఎప్పుడు రమ్మంటే అప్పటికి కాగితం చేతిలో పెడతారు కదమ్మా" అంది. నేను ఏం చెప్పాలి?

ఆ తర్వాత ల్యాబు నుంచి కవరు వచ్చింది, రిపోర్టు అనుకుని చింపాను. బిల్లు! దానికి మాత్రం కోడ్ అక్కర్లేకపోయింది, దుబాసీ అక్కర్లేకపోయింది. చిరునామా ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. మొదటి రోజు కట్టిన డబ్బుతో అయిపోతుందా అని మేము అడిగినప్పుడు ఇంకేమీ ఉండదన్నారు మీవారే. రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదుకు మీ నుంచి వచ్చిన ఏకైక జవాబు, "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, మీ కేసు ముగిసింది" అన్న ఈమెయిలు. దాని కింద మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారన్న ప్రశ్న.

మేము మీకు కొత్తవాళ్లం కాదు. ఏటా శరదృతువులో ఇంటిల్లిపాదికీ ఫ్లూ టీకా మీ దగ్గరే. మా అబ్బాయి బడిలో ఆటలు ఆడాలంటే కావలసిన వైద్య పరీక్ష ఫారం మీ దగ్గరే. గొంతు నొప్పి వస్తే స్ట్రెప్ పరీక్ష మీ దగ్గరే, నెలనెలా మందులు మీ కౌంటరులోనే. మా కాలనీలో కొత్తగా దిగిన తెలుగు కుటుంబాలకు, ఊరి నుంచి అమ్మానాన్నలను తెచ్చుకున్నవారికి, చిన్న జబ్బులకు ఇక్కడికి వెళ్లండని చెప్పింది నేను. ఇప్పుడు వారికి నేను ఏ ముఖం పెట్టుకుని కనిపించాలి?

2000లో మిన్నియాపొలిస్ ప్రాంతంలో కిరాణా దుకాణాల్లో ఇలాంటి క్లినిక్‌లు మొదలైనప్పుడు ఇచ్చిన మాట ఒక్కటే: చిన్న జబ్బుకు గంటల తరబడి కూర్చోనక్కర్లేదు, ఖర్చు ముందే తెలుస్తుంది. ఆ మాట మంచిది, ఇప్పటికీ అవసరమైనది. ఇన్సూరెన్స్ సరిగ్గా లేనివారికి, సెలవు దొరకనివారికి, మా అమ్మలాంటి అతిథులకు వేరే దారి ఏముంది? కానీ ఇలాంటి చోట వైద్యం తెగిపోతుందని, ఎవరూ వెంట ఉండి చూడరని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2006లోనే అభ్యంతరం చెప్పింది, 2014లో మళ్లీ చెప్పింది. వారు పిల్లల గురించి అన్న మాటకు మీరు పెద్దవారి విషయంలో సాక్ష్యం ఇచ్చారు. పది నిమిషాల్లో చూసి పంపడం గొప్ప కాదు. పంపిన తర్వాత ఫలితం చెప్పడం వైద్యంలో భాగం కాదా?

రికార్డు కోరుతూ అమ్మ సంతకంతో ఇచ్చిన దరఖాస్తు మీ దగ్గర ఉంది. ఫెడరల్ నిబంధన ప్రకారం 30 రోజుల్లో, టెక్సస్ చట్టం ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డయితే 15 పని దినాల్లో ఇవ్వాలి. రెండు గడువులూ దాటిపోయాయి. ల్యాబు నుంచి నేరుగా రిపోర్టు తీసుకునే హక్కు 2014 నుంచి పేషెంటుకు ఉంది. అడిగితే వారు మళ్లీ మీ వైపే చూపించారు.

ఇకనైనా రిపోర్టు పంపండి. పర్యవేక్షించే డాక్టరు పేరు చెప్పండి. ల్యాబు బిల్లు మీరే కట్టండి. మా సందేశం ఎవరి దగ్గర ఆగిపోయిందో రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే ఫెడరల్ ఆరోగ్య శాఖలోని పౌర హక్కుల కార్యాలయానికి ఫిర్యాదు చేస్తాను, దానికి 180 రోజుల గడువు ఉందని నాకు తెలుసు. టెక్సస్ అటార్నీ జనరల్‌కు కూడా రాస్తాను. మా ఇంటి మందుల చీటీలన్నీ ఈ నెలలోనే వేరే చోటికి మార్పిస్తాను, మా కాలనీవారికి జరిగింది జరిగినట్టు చెబుతాను.

వచ్చే నెల అమ్మ తెనాలి వెళ్లిపోతోంది. అక్కడి డాక్టరు గారు ఆ రిపోర్టు అడుగుతారు. ఆమె విమానం ఎక్కేలోగా అది కాగితం మీద మా ఇంటికి రావాలి. ఫోను చేయదలిస్తే, తెలుగు వచ్చిన మనిషిని ముందు లైనులోకి తీసుకుని, అప్పుడు చేయండి.

ఇట్లు,
పేషెంటు కూతురు,
ఇర్వింగ్, టెక్సస్