శనివారం నాటి హుడీ సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిఫాం లేని రోజున నేను కత్తెర తీసుకుని ఒక అబ్బాయి హుడీ కత్తిరించానన్న కథ మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి నా దాకా వచ్చింది. జరిగింది ఇదీ. ఎనిమిదో తరగతి అబ్బాయి పరుగెత్తుతుంటే హుడీ తాడు గేటు గడియకు చిక్కుకుంది. మెడ దగ్గర బిగుసుకుంటుంటే మన ఆయమ్మ క్రాఫ్ట్ రూములోంచి కత్తెర తెచ్చి తాడు కోసేసింది. బట్టకు చిన్న గాటు కూడా పడలేదు. ఆయమ్మకు థాంక్స్ చెప్పినవాళ్లు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ లేరు.

"ఈ బస్తాల్లాంటి చొక్కాలు, విదేశీ పిచ్చి స్కూల్లోకి ఎందుకు రానిస్తున్నారు?" అని కొందరు అడిగారు. అలా అడిగినవాళ్లు అదే రోజు తొమ్మిదో తరగతి అమ్మాయిలిద్దరు హాల్లో పెట్టిన చార్టు ముందు రెండు నిమిషాలు నిలబడాల్సింది. అమెరికా కాలేజీ కుర్రాళ్ల ఫ్యాషన్ జపాన్ వెళ్లి ఏమైందన్నది వాళ్ల అంశం. 1964లో టోక్యోలోని గింజాలో, మియుకి వీధిలో ఆ బట్టలేసుకుని ఊరికే తిరిగే కుర్రకారును 'మియుకి జోకు', అంటే మియుకి వీధి గుంపు, అనేవారట. ఒలింపిక్స్ దగ్గర పడుతున్నాయి, వచ్చినవాళ్ల ముందు పరువు పోతుందని పోలీసులు వాళ్లను పట్టుకెళ్లారు. చూడబోతే అవి బటన్‌డౌన్ కాలర్ చొక్కాలు, కాలరు కొసలు గుండీలతో చొక్కాకు బిగించేవి! చార్టు పెట్టిన మన పిల్లల్లో ఒకమ్మాయి తాతగారి పాత చొక్కా కాలరు చార్టుకు కుట్టి, వచ్చినవాళ్లందరి చేతా ఆ గుండీ విప్పించి పెట్టించింది. (అప్పుడు అక్కడ హెడ్‌మిస్ట్రెస్‌గా ఉంటే నేనూ పోలీసుల పక్షమే ఉండేదాన్నేమో.)

తర్వాత 1993లో టోక్యోలోనే హరజుకు అనే పేట వెనక సందుల్లో నిగో, జున్ తకహాషి అనే ఇద్దరు కుర్రాళ్లు 'నోవేర్' అని చిన్న కొట్టు తెరిచారు. ఒకరిది హిప్‌హాప్ సంగీతం పిచ్చి, ఇంకొకరిది పంక్ సంగీతం పిచ్చి. బయటి నుంచి వచ్చినదాన్నే తమ పద్ధతిలో మళ్లీ తయారుచేశారు. నిగో టీషర్టులు కొద్దిగానే వేయించేవాడు, జనం క్యూ కట్టేవారు. 2021లో ఆయన్ని పారిస్ ఫ్యాషన్ సంస్థ కెంజో తన ఆర్టిస్టిక్ డైరెక్టర్‌గా పెట్టుకుంది.

ఇదంతా ఆ పిల్లలకు ఎవరూ ట్యూషన్ చెప్పలేదండీ. లైబ్రరీ పీరియడ్లో ఫ్యాషన్ పుస్తకం తిరగేస్తూ, అందులోంచి చరిత్రలోకి, అక్కడి నుంచి మ్యాపులోకి వెళ్లారు. ఆ పీరియడ్ తీసేసి లెక్కలు పెట్టమని ఈ నెలలోనే చాలామంది నాకు ఫోన్ చేశారు. తీసెయ్యను. నేను ఈ కుర్చీలో ఉన్నన్నాళ్లూ ఆ నలభై నిమిషాలను ఎవరూ ముట్టుకోలేరు. ఏ సిలబస్‌లోనూ లేని ప్రశ్న పిల్లలకు పుట్టేది అక్కడే.

అర్ధసంవత్సరం పరీక్షల టైంటేబుల్ డైరీలో అతికించాం, ఫీజు పదో తేదీలోగా, మూడో నంబరు బస్సు ఐదు నిమిషాలు ముందే వస్తుంది.

మరో చిన్న మనవి. కొత్త బూట్లు అర్ధరాత్రి అమ్మకానికి వస్తాయని అలారం పెట్టుకుని లేచే పిల్లలు మొదటి పీరియడ్లో బెంచీ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నారు. పాపం, అలిసిపోతున్నారు. కాకపోతే ఆ కార్డు పిల్లలది కాదు కదా, ఓటీపీ వచ్చే ఫోనూ పిల్లలది కాదు. ఇంట్లో ఎవరో మేలుకునే ఉంటున్నారని మేమనుకుంటున్నాం. ప్రాజెక్టు చార్టుల మీద పెద్దవాళ్ల చేతిరాత కూడా మాకు బాగానే గుర్తు.

ఇకపై యూనిఫాం లేని రోజున హుడీ వేసుకోవచ్చు. తాడు మాత్రం ఇంట్లోనే లాగేసి పంపండి. శనివారం కోసిన తాడు ఆఫీసులో కవర్లో పెట్టి ఉంచాం, ఆ అబ్బాయి నాన్నగారు వచ్చి తీసుకెళ్లగలరు. ఆయమ్మ నాలుగింటి దాకా ఉంటుంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు