2025 వార్షిక నివేదిక: హాలు తాళం ఈ ఏడాది పిల్లల చేతికిచ్చాం

కాలనీ సంఘం సభ్యులకు నమస్కారం.

డ్రైనేజీ పనులు, సీసీ కెమెరాల ఖర్చు జమాఖర్చుల పట్టికలో చూడండి. ఇక్కడ హాస్టళ్ల పిల్లల గురించి చెప్పాలి.

హైదరాబాద్ అశోక్‌నగర్‌ను ఆనుకుని ఉన్నాం కాబట్టి గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు మనకు కొత్త కాదు. కానీ గేటుకు అడ్డంగా బైకులు పెట్టేవాళ్లుగా తప్ప వాళ్లు మనకు తెలియదు.

జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక వచ్చింది. ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారట. ఏటా 8.7 లక్షలకు పైగా మరణాలకు దానితో సంబంధం ఉందట. అది ముసలివాళ్ల బాధే అనుకునేవాళ్లం. 13 నుంచి 29 ఏళ్ల వాళ్లలోనూ 17 నుంచి 21 శాతం మందికి ఉందని చదివాక కమిటీ కంగారుపడింది.

కంగారులో చేసిన మొదటి పని బెడిసికొట్టింది. ఫ్లెక్సీ కట్టి, మైకు పెట్టి, పరీక్షల టెన్షన్ మీద సభ పెట్టాం. హాస్టళ్ల నుంచి వచ్చింది ముగ్గురు. సమోసాలు మనమే తిన్నాం.

వినాయక చవితికి మనుషులు చాలక వాళ్లనే సాయం అడిగాం. రాత్రి కాపలాకు వంతులు వేసుకుని మరీ వచ్చారు. పాలమూరు నుంచి వచ్చిన ఒకబ్బాయి, నాలుగేళ్లలో ఈ గల్లీలో తనను పేరు పెట్టి పిలిచింది ఇప్పుడేనన్నాడు. ఆ మాట విన్నాక కాస్త సిగ్గేసింది.

బతుకమ్మకు పూల ఖర్చు మాత్రమే సంఘానిది. తంగేడు, గునుగు వరసలు పేర్చడం మన ఆడపిల్లల్లో చాలామందికి రాదు. హాస్టల్ అమ్మాయిలే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు.

దసరా తర్వాత కమ్యూనిటీ హాలును పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా చదువుకోవడానికి తెరిచాం. తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది. బ్యాంకులో రిటైరైన ఒక సభ్యుడు సాయంత్రాలు అంకగణితం చెబుతున్నారు. ఆయన కొడుకులిద్దరూ అమెరికాలో ఉంటారు. ఈ ఏర్పాటు ఎవరికి ఎక్కువ పనికొచ్చిందో మేం తేల్చలేం.

మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416 బోర్డు మీద రాయించాం. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది.

తేలనివి రెండున్నాయి. ఒక హాస్టల్ యజమాని రాత్రి ఎనిమిది దాటితే అమ్మాయిలను హాలుకు పంపడం లేదు. రెండుసార్లు మాట్లాడాం, ఒప్పుకోలేదు. హాలు కరెంటు బిల్లు పెరిగిందన్న ఫిర్యాదూ నిజమే. అద్దెకుండేవాళ్లకు ఓటు లేని సభ్యత్వం ఇచ్చి, నెలకు కొంత తీసుకోవాలన్న తీర్మానం ఈసారి సర్వసభ్య సమావేశం ముందుకు వస్తోంది. అభ్యంతరాలుంటే ముందే రాసివ్వండి.

కార్యదర్శి